జూన్ 19 సెలవు వెనుక: అమెరికాలో బానిసత్వం నిజంగా ఏ రోజున ముగిసింది?

ఏటా జూన్ 19న హైదరాబాద్‌లోని అమెరికన్ కాన్సులేట్ మూసి ఉంటుంది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ట్రేడింగ్ జరగదు. డల్లాస్, హ్యూస్టన్‌లలో ఉంటున్న మనవాళ్లలో కొందరికి ఆఫీసు సెలవు, కొందరికి మామూలు పనిదినం. ఎందుకు సెలవని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఇది: "బానిసత్వం రద్దయిందన్న కబురు టెక్సస్‌కి రెండున్నరేళ్లు ఆలస్యంగా అందిందట, ఆ రోజే ఇది."

ఈ జవాబులో తేదీ నిజమే. చిక్కంతా 'కబురు ఆలస్యం' అన్న మాటతోనే. కబురు చాలామందికి ముందే చేరింది, దాన్ని అమలు చేయించే సైన్యమే రాలేదు. ఈ తేడాని పట్టుకోకపోతే 'జూన్‌టీన్త్' అనే ఈ సెలవు చరిత్ర ఒక పోస్టాఫీసు పొరపాటులా కనిపిస్తుంది. అది పొరపాటు కానే కాదు.

పేరు సంగతి ముందు చెప్పుకుందాం. 'జూన్', 'నైన్‌టీన్త్' రెండూ కలిపి జనం నోట నలిగి 'జూన్‌టీన్త్' అయింది. 1890ల నాటికే ఈ మాట టెక్సస్ పత్రికల్లో కనిపిస్తుంది. అంతకుముందు 'జూబిలీ డే' అనేవారు. దీన్ని జాతీయ సెలవుగా చేసిన 2021 చట్టంలో రాసుకున్న పూర్తి పేరు 'జూన్‌టీన్త్ నేషనల్ ఇండిపెండెన్స్ డే'.

బానిసత్వం వేరు, వెట్టి వేరు. విముక్తి వేరు, రద్దు వేరు

వెట్టిచాకిరి, అప్పు కింద జీతం ఉండటం మనకు తెలిసిన సంగతులు. అందుకే అమెరికా బానిసత్వాన్ని కూడా అలాగే ఊహించుకుంటాం. వెట్టిలో మనిషి కష్టాన్ని కూలి లేకుండా గుంజుకుంటారు. అమెరికాలో మనిషే ఆస్తి. అమ్ముకోవచ్చు, బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు, వీలునామాలో కొడుకులకు పంచి రాసుకోవచ్చు. తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసేనని వర్జీనియా 1662లోనే చట్టం చేసింది. అంటే తండ్రి ఆ తోట యజమానే అయినా సరే, పుట్టిన బిడ్డ అతని ఆస్తి జాబితాలోకే వెళ్తుంది. 1860 జనాభా లెక్కల్లో ఇలా ఆస్తిగా నమోదైన మనుషులు 39,53,760 మంది.

ఇక 'విముక్తి', 'రద్దు' అన్న రెండు మాటలు. విముక్తి అంటే ఇప్పుడు బానిసలుగా ఉన్న ఫలానా మనుషుల్ని విడిపించడం. రద్దు అంటే ఇకపై ఎవరూ ఎవరినీ బానిసగా ఉంచుకోవడానికి చట్టంలో చోటే లేకుండా చేయడం. 1863 నాటి అధ్యక్షుడు లింకన్ విముక్తి ప్రకటన మొదటి రకం, 1865 నాటి 13వ రాజ్యాంగ సవరణ రెండో రకం. జూన్ 19, 1865 ఈ రెంటికీ మధ్య ఉంది. చాలా అయోమయాలకు మూలం అక్కడే.

లింకన్ ప్రకటన ఎవరికి వర్తించింది, ఎవరికి వర్తించలేదు

1860–61లో టెక్సస్‌తో సహా 11 దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయి కాన్ఫెడరసీగా ఏర్పడ్డాయి. దాంతో ఉత్తరాదికీ దక్షిణాదికీ అంతర్యుద్ధం మొదలైంది. బానిసత్వం ఉన్నా విడిపోకుండా ఉండిపోయిన రాష్ట్రాలు నాలుగు: డెలావేర్, మేరీల్యాండ్, కెంటకీ, మిస్సోరీ. వీటినే సరిహద్దు రాష్ట్రాలంటారు.

1862 సెప్టెంబరు 22న లింకన్ తొలి ప్రకటన చేశారు: జనవరి 1కల్లా తిరుగుబాటు మానకపోతే అక్కడి బానిసలంతా స్వేచ్ఛాజీవులవుతారని. అన్నట్టే 1863 జనవరి 1న తుది ప్రకటన వెలువడింది. అయితే అది తిరుగుబాటులో ఉన్న ప్రాంతాలకే వర్తిస్తుంది. నాలుగు సరిహద్దు రాష్ట్రాలూ దాని పరిధిలో లేవు. అప్పటికే ఉత్తరాది సైన్యం చేతికి వచ్చిన టెన్నెస్సీ మొత్తాన్నీ, లూసియానాలో 13 పారిష్‌లనూ (అక్కడి జిల్లాలు), వెస్ట్ వర్జీనియాగా మారబోతున్న 48 కౌంటీలనూ, వర్జీనియాలో మరికొన్ని చోట్లనూ మినహాయించారు.

ఈ మినహాయింపులకు చట్టపరమైన కారణం ఉంది. శాంతికాలంలో ఒక రాష్ట్రంలోని బానిసత్వాన్ని తీసేసే అధికారం రాజ్యాంగం అధ్యక్షుడికి ఇవ్వలేదు. సర్వసైన్యాధ్యక్షుడిగా శత్రువు బలాన్ని దెబ్బతీసే అధికారం మాత్రం ఉంది. ప్రకటన నిలబడింది ఆ యుద్ధాధికారం మీదే. రాజకీయ కారణమూ ఉంది: కెంటకీ లాంటి రాష్ట్రాలను కదిలిస్తే అవి కూడా అటువైపు పోతాయన్న భయం.

అందుకే అప్పుడూ ఇప్పుడూ ఒక విమర్శ ఉంది: అధికారం ఉన్నచోట విడిపించలేదు, విడిపించినచోట అధికారం లేదు అని. ఇందులో సగమే నిజం. దక్షిణ కరోలినా తీరంలో ఉత్తరాది సైన్యం పట్టులో ఉన్న ద్వీపాలు మినహాయింపుల్లో లేవు కాబట్టి అక్కడ వేలమంది ఆ రోజే స్వేచ్ఛ పొందారు. మిగతాచోట్ల సైన్యం ఎంత ముందుకు వెళ్తే స్వేచ్ఛ అంతవరకు వెళ్లింది. నల్లజాతివారిని సైన్యంలో చేర్చుకోవడానికీ ఈ ప్రకటనే దారి తెరిచింది. యుద్ధం ముగిసేసరికి అలా చేరినవారు దాదాపు 1,80,000 మంది. అంటే తమ విముక్తిని వారిలో ఎంతోమంది తామే తుపాకీ పట్టి మోసుకెళ్లారు.

ఐదు ఊళ్లు, ఐదు తేదీలు: ఒక లెక్క

బానిసత్వంలో ఉన్న ఐదుగురిని ఐదు చోట్ల ఊహించుకుందాం. ఎవరు ఎప్పుడు విడుదలయ్యారో చూద్దాం.

రాజధాని వాషింగ్టన్‌లో ఉన్న మనిషికి 1862 ఏప్రిల్ 16. అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసింది. ఆ చట్టం కింద నష్టపరిహారం ముట్టింది యజమానికి, తలకు 300 డాలర్ల దాకా. విడుదలైన మనిషికి ఏమీ లేదు. దేశం విడిచి వెళ్లడానికి ఒప్పుకుంటేనే 100 డాలర్ల దాకా ఇస్తామన్నారు.

టెన్నెస్సీలో ఉన్న మనిషికి లింకన్ ప్రకటన వర్తించదు. 1865 ఫిబ్రవరి 22న రాష్ట్ర ఓటర్లు తమ రాజ్యాంగాన్ని మార్చుకునేదాకా ఆగాలి.

టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో ఉన్న మనిషికి కాగితం మీద 1863 జనవరి 1, నేల మీద 1865 జూన్ 19. మధ్యలో సరిగ్గా 900 రోజులు.

కెంటకీలో ఉన్న మనిషి పరిస్థితి ఇంకా చిత్రం. గాల్వెస్టన్‌లో సంబరాలు మొదలైన రోజున కూడా అక్కడ బానిసత్వం చట్టబద్ధమే. డిసెంబరు 6న 13వ సవరణ ఆమోదం పొందేదాకా మరో 170 రోజులు పట్టింది. డెలావేర్‌లోనూ అంతే. 1860లో కెంటకీలో 2,25,483 మంది, డెలావేర్‌లో 1,798 మంది బానిసలు ఉండేవారు. యుద్ధంలో సైన్యంలో చేరీ, పారిపోయీ కెంటకీలో చాలామంది బయటపడ్డారు గానీ అందరూ కాదు.

ఇక ఐదో మనిషి, ఇప్పటి ఓక్లహోమాలో చోక్టా జాతి పాలనలో ఉన్నవాడు. చెరోకీ, క్రీక్, సెమినోల్, చోక్టా, చికాసా అనే ఐదు స్థానిక జాతులలోనూ బానిసల్ని ఉంచుకునే యజమానులు ఉండేవారు. వాళ్లవి అమెరికా రాష్ట్రాలు కావు కాబట్టి వేరే ఒప్పందాలు కావాల్సి వచ్చింది. అవి 1866లో జరిగాయి.

'జూన్‌టీన్త్ అంటే చివరి బానిసలు విడుదలైన రోజు' అన్న వాక్యం అందుకే సరికాదు. కాన్ఫెడరసీలో చిట్టచివరగా మిగిలిన పెద్ద రాష్ట్రానికి అమలు చేరిన రోజు అది.

టెక్సస్‌లో 900 రోజులు ఎందుకు పట్టింది

ఒక యాదృచ్ఛికం చూడండి. 1862 అక్టోబరులో ఉత్తరాది సైన్యం గాల్వెస్టన్ రేవును పట్టుకుంది. కాన్ఫెడరేట్లు దాన్ని తిరిగి చేజిక్కించుకున్నది 1863 జనవరి 1న, సరిగ్గా లింకన్ ప్రకటన అమల్లోకి వచ్చిన రోజున. ఆ తర్వాత యుద్ధం ముగిసేదాకా టెక్సస్ లోపలి ప్రాంతాల మీద ఉత్తరాదికి పట్టు చిక్కలేదు.

ఇది తెలిసిన చుట్టుపక్కల రాష్ట్రాల యజమానులు తమ బానిసల్ని బండ్లకెక్కించీ, నడిపించీ టెక్సస్‌కి తోలుకొచ్చారు, సైన్యానికి అందకుండా. 1860లో టెక్సస్‌లో 1,82,566 మంది బానిసలుంటే, యుద్ధం ముగిసేనాటికి ఆ సంఖ్య రెండున్నర లక్షలకు చేరిందని చరిత్రకారుల అంచనా. మిగతాచోట్ల బానిసత్వం కరుగుతుంటే ఇక్కడ గడ్డకట్టింది.

1865 ఏప్రిల్ 9న కాన్ఫెడరేట్ సేనాని జనరల్ లీ లొంగిపోయినా టెక్సస్ దళాలు లొంగలేదు. మే 12, 13 తేదీల్లో టెక్సస్‌లోని పాల్మిటో రాంచ్ దగ్గర పోరాటం జరిగింది. మిసిసిపీ నదికి పడమటనున్న కాన్ఫెడరేట్ సైన్యం లొంగుబాటు పత్రం మీద సంతకం పడింది జూన్ 2న, గాల్వెస్టన్ రేవులోనే. ఆ తర్వాత ఉత్తరాది జనరల్ గార్డన్ గ్రేంజర్ సుమారు 2,000 మంది సైనికులతో అక్కడ దిగారు.

మరి అప్పటిదాకా ఎవరికీ తెలియదా? తెలుసు. ప్రకటన సంగతి టెక్సస్ పత్రికల్లో వచ్చింది, యజమానులు తిట్టుకుంటూ చదివారు. భోజనాల దగ్గర వడ్డించేవారు, గుర్రబ్బండ్లు తోలేవారు ఆ మాటలు విన్నారు. దక్షిణాన మెక్సికోలో 1829లోనే బానిసత్వం రద్దయింది కాబట్టి, సరిహద్దులోని రియో గ్రాండే నది దాటితే చాలని పారిపోయినవాళ్లూ ఉన్నారు. తెలిసీ ఏం చేయాలి? గడప దాటితే పట్టి తెచ్చే గస్తీ దళాలుండేవి, దొరికితే కొరడా దెబ్బలో చావో. కబురు తెచ్చే దూతను దారిలో చంపేశారన్న కథ కూడా ఒకటి ప్రచారంలో ఉంది. దానికి ఆధారాల్లేవు, అవసరమూ లేదు. సైన్యం లేని కబురు ఎవరినీ విడిపించలేదు.

మూడో నంబరు ఉత్తర్వులో నిజంగా ఏముంది

1865 జూన్ 19, సోమవారం. గ్రేంజర్ పేరిట ఆ రోజు వెలువడ్డ ఉత్తర్వుల్లో మూడో నంబరుది ఇది. కింద సంతకం ఆయన సహాయాధికారి మేజర్ ఎమరీది. ఒక భవనం బాల్కనీలో నిలబడి గ్రేంజర్ దీన్ని చదివి వినిపించారన్న కథకు నాటి ఆధారం లేదు. ఉత్తర్వు పత్రికల్లో అచ్చయింది, నోటా నోటా పాకింది. చేతిరాతలో ఉన్న మూల ప్రతి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది.

మొత్తం నాలుగైదు వాక్యాలే. మొదటి సగం ఇలా చెబుతుంది: అధ్యక్షుడి ప్రకటన ప్రకారం బానిసలందరూ స్వేచ్ఛాజీవులు. మాజీ యజమానులకూ మాజీ బానిసలకూ మధ్య వ్యక్తిగత హక్కుల్లోనూ, ఆస్తి హక్కుల్లోనూ సంపూర్ణ సమానత్వం ఉంటుంది. ఇకపై వారి మధ్య సంబంధం పని ఇచ్చేవాడికీ కూలికి వచ్చేవాడికీ మధ్య ఉండే సంబంధమే.

రెండో సగంలో గొంతు మారుతుంది. విడుదలైనవారు ఇప్పుడున్న చోటే మౌనంగా ఉండి కూలికి పనిచేసుకోవాలని సలహా ఇస్తున్నాం. సైనిక స్థావరాల దగ్గర గుమిగూడనివ్వం. పనీపాటా లేకుండా ఉంటే అక్కడే కాదు, ఎక్కడా పోషించం.

ఈ రెండు సగాల్నీ కలిపి చదవాలి. అది జూన్ నెల, పత్తి చేలో ఉంది. వేలమంది ఒక్కసారిగా కదిలిపోతే పంట పోతుందని యజమానుల భయం, తిండి పెట్టాల్సి వస్తుందని సైన్యం భయం. పుట్టింది మొదలు రెక్కలు ముక్కలు చేసుకున్న మనుషులతో 'సోమరితనం' గురించి మాట్లాడిన ఆ వాక్యం చదివితే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. సంపూర్ణ సమానత్వం అని రాసిన చేతే నాలుగు లైన్ల కింద ఆ మాట రాసింది. చాలామంది ఆ సలహా వినలేదు. అమ్ముడుపోయిన భార్య కోసం, బిడ్డల కోసం, అమ్మ కోసం వెతుక్కుంటూ రోడ్డున పడ్డారు.

అమలు కూడా నత్తనడకే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపిన విస్తీర్ణానికి రెండున్నర రెట్లుంటుంది టెక్సస్. అంత నేలకు ఆ కొద్ది సైన్యం ఏ మూలకు? పత్తి ఏరడం అయ్యేదాకా కొందరు యజమానులు చెప్పనే లేదని 1930లలో వృద్ధులైన మాజీ బానిసలు చెప్పగా ప్రభుత్వం నమోదు చేయించింది.

13వ సవరణ, అందులోని చిన్న కన్నం

దేశమంతటా బానిసత్వాన్ని రద్దు చేసింది 13వ సవరణ. 1865 జనవరి 31న ప్రతినిధుల సభ 119–56 ఓట్లతో ఆమోదించింది. అప్పటికున్న 36 రాష్ట్రాల్లో 27 ఒప్పుకోవాలి. 27వదిగా జార్జియా డిసెంబరు 6న ఒప్పుకుంది, డిసెంబరు 18న అధికారిక ప్రకటన వచ్చింది. కెంటకీ 1976లో గానీ లాంఛనంగా ఆమోదించలేదు. మిసిసిపీ 1995లో ఆమోదించి, కాగితాలు పంపి నమోదు పూర్తిచేసుకున్నది 2013లో.

ఆ సవరణలో ఒక మినహాయింపు ఉంది: 'నేరానికి శిక్షగా తప్ప'. దీన్ని ఎలా వాడుకున్నారో అంచెలంచెలుగా చూడాలి. ముందు, పనిలేకుండా తిరగడం నేరమని రాష్ట్రాలు చట్టం చేశాయి. పట్టుకుని జరిమానా వేస్తారు. కట్టలేకపోతే శిక్ష. శిక్ష పడ్డవాణ్ని జైలు అధికారులు చెరకు తోటలకో రైలుమార్గాలకో అద్దెకిస్తారు. అద్దె డబ్బు ప్రభుత్వానికి. కొనుక్కున్న బానిస చస్తే యజమానికి నష్టం. అద్దెకు తెచ్చిన ఖైదీ చస్తే ఇంకొకడిని పంపుతారు, అంతే.

హ్యూస్టన్ పక్కనున్న షుగర్ ల్యాండ్ భారతీయులు ఎక్కువగా స్థిరపడ్డ ఊరు. ఆ పేరులోని షుగర్ ఈ చెరకుదే. 2018లో అక్కడ బడి కట్టడానికి పునాదులు తవ్వుతుంటే 95 మంది అవశేషాలు బయటపడ్డాయి. అద్దె ఖైదీలుగా పనిచేసి చనిపోయిన నల్లజాతివారివి అవి.

ఈ మినహాయింపు మీద చర్చ ఇప్పటికీ నడుస్తోంది. కొలరాడో 2018లో, నెబ్రాస్కా, యూటా 2020లో తమ రాష్ట్ర రాజ్యాంగాల నుంచి దాన్ని ఓటుతో తీసేశాయి. కాలిఫోర్నియా ఓటర్లు 2024లో అలాంటి ప్రతిపాదననే తిరస్కరించారు.

నేల కొనుక్కుని చేసుకున్న పండుగ

మొదటి వార్షికోత్సవం 1866లోనే జరిగింది. చర్చిలో ప్రార్థన, ప్రకటన చదవడం, కొత్త బట్టలు, అందరూ కలిసి భోజనం. చిక్కేమిటంటే ఊరి ఉద్యానవనాల్లోకి నల్లవారిని రానిచ్చేవారు కాదు. అందుకని హ్యూస్టన్‌లో జాక్ యేట్స్ అనే బాప్టిస్టు పాస్టర్, ఆయన తోటివారు చందాలు పోగుచేసి 1872లో 1,000 డాలర్లకు 10 ఎకరాలు కొన్నారు. వాళ్లంతా ఏడేళ్ల క్రితం దాకా బానిసత్వాన్ని చూసినవాళ్లు. ఆ స్థలమే ఎమాన్సిపేషన్ పార్క్, ఇప్పటికీ ఉంది.

విందులో ఎరుపు ముఖ్యం: పుచ్చకాయ, ఎర్ర సోడా, బార్బెక్యూ. చిందిన రక్తానికి గుర్తని కొందరంటారు. ఆహార చరిత్రకారులు కొందరు పశ్చిమాఫ్రికాలో కోలా కాయలతో, ఎర్ర పూల రక్షకపత్రాలతో చేసే పానీయాల దాకా వెనక్కి వెళ్తారు. ఆ రెండో మొక్క మనకు పరాయిది కాదు. అది మన ఎర్ర గోంగూరే. మనం ఆకు తింటాం, వాళ్లు పూవు కింది పుల్లటి ఎర్ర రేకల్ని నానబెట్టి తాగుతారు.

టెక్సస్ సెలవు దేశం సెలవు ఎలా అయింది

టెక్సస్ నుంచి వలసపోయినవాళ్లతో పాటే పండుగ లాస్ ఏంజెలెస్‌కీ ఓక్లండ్‌కీ వెళ్లింది. మధ్యలో కొంత మసకబారి, 1968 జూన్ 19న వాషింగ్టన్‌లో జరిగిన పేదల ఉద్యమ సభతో మళ్లీ వెలుగులోకొచ్చింది. హ్యూస్టన్ శాసనసభ్యుడు ఆల్ ఎడ్వర్డ్స్ తెచ్చిన బిల్లుతో 1979లో టెక్సస్ చట్టం చేసింది, 1980 నుంచి అమలు. సెలవిచ్చిన మొదటి రాష్ట్రం అదే.

జాతీయ సెలవు కోసం పట్టుబట్టినవారిలో ఓపల్ లీ పేరు చెప్పాలి. ఫోర్ట్‌వర్త్‌లో 1939 జూన్ 19న, తెల్లవారుండే వీధిలోకి మారారన్న కోపంతో ఆమె కుటుంబం ఇంటిని ఒక గుంపు నాశనం చేసింది. అప్పుడామెకు 12 ఏళ్లు. 2016లో, 89 ఏళ్ల వయసులో, ఆ రెండున్నరేళ్లకు గుర్తుగా ఊరూరా రెండున్నర మైళ్లు నడుస్తూ వాషింగ్టన్‌కు బయల్దేరారు. 2020లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య దేశాన్ని కుదిపేసింది. ఆయన పెరిగింది హ్యూస్టన్ థర్డ్ వార్డ్‌లో, ఎమాన్సిపేషన్ పార్క్ ఉన్న ప్రాంతంలోనే. 2021 జూన్ 15న సెనేట్ ఏకగ్రీవంగా, మర్నాడు ప్రతినిధుల సభ 415–14తో ఆమోదించాయి. 17న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేశారు. 1983లో మార్టిన్ లూథర్ కింగ్ దినం తర్వాత వచ్చిన కొత్త ఫెడరల్ సెలవు ఇదే.

ఫెడరల్ సెలవు, అంటే కేంద్ర ప్రభుత్వ సెలవు, ఎవరిని కట్టడి చేస్తుందన్నది చాలామందికి తెలియదు. ఫెడరల్ కార్యాలయాలు, పోస్టాఫీసులు మూస్తారు. ప్రైవేటు కంపెనీ సెలవివ్వాలన్న నిబంధన లేదు. శనివారం వస్తే ఫెడరల్ ఉద్యోగులకు ముందురోజు, ఆదివారం వస్తే మర్నాడు సెలవు. 2027లో జూన్ 19 శనివారం, కాబట్టి ఆఫీసులు 18వ తేదీ శుక్రవారం మూస్తారు. అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థ అయిన ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులు మాత్రం శనివారపు సెలవుకు శుక్రవారం మూయవు. ఇమిగ్రేషన్ నోటీసుకు జవాబిచ్చే గడువు సెలవు రోజున ముగిస్తే అది తర్వాతి పనిదినానికి జరుగుతుంది.

ఏ తేదీని పాటించాలి: ఎవరి వాదన ఏమిటి

జనవరి 1 అనేవారు చట్టాన్ని చూస్తారు. 1862 డిసెంబరు 31 రాత్రి చర్చిల్లో మేలుకుని ఎదురుచూసిన ఆచారం నల్లజాతి చర్చిల్లో ఇప్పటికీ సాగుతోంది. ఫిబ్రవరి 1న లింకన్ 13వ సవరణ తీర్మానంపై సంతకం చేశారు. దాన్ని 1948లో ట్రూమన్ 'నేషనల్ ఫ్రీడమ్ డే'గా ప్రకటించారు, సెలవు మాత్రం ఇవ్వలేదు. రాజ్యాంగమే గీటురాయి అయితే డిసెంబరు 6 న్యాయమైన తేదీ. కానీ ఆ రోజున జనం చేసుకునే పండుగ లేదు. జూన్ 19కి ఉన్న బలం అదే: 150 ఏళ్లకు పైగా విడుదలైనవారి పిల్లలు, మనవలు దాన్ని వదలకుండా పట్టుకున్నారు. చట్టపరంగా బలహీనమైన తేదీయే అయినా, నా దృష్టిలో ఈ కారణం మిగతావాటి కంటే గట్టిది.

పేరు మీద అభ్యంతరం చెప్పిన కాంగ్రెస్ సభ్యులూ ఉన్నారు. 'ఇండిపెండెన్స్ డే' అంటే అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4కు పోటీ అవుతుందని, జాతిని బట్టి రెండు స్వాతంత్ర్య దినాలవుతాయని వాళ్ల వాదన. జూలై 4, 1776న లక్షలమంది బానిసలుగానే ఉన్నారని అవతలి పక్షం జవాబు. నల్లజాతివారిలోనే మరో విమర్శ వినిపిస్తుంది: ఓటు హక్కు రక్షణ చట్టాలు ఆగిపోయిన ఏడాదే సెలవు మాత్రం రెండు రోజుల్లో వచ్చిందని, దుకాణాలు దాన్ని సరుకుగా మార్చేశాయని.

ఈలోగా స్థానిక తేదీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాషింగ్టన్ నగరంలో ఏప్రిల్ 16 ప్రభుత్వ సెలవు. టెన్నెస్సీలోనూ, కెంటకీలో కొన్నిచోట్లా ఆగస్టు 8. ఫ్లోరిడా రాజధాని టల్లహసీలో ఏటా మే 20న, 1865లో ఉత్తరాది జనరల్ మెకుక్ లింకన్ ప్రకటన చదివిన ఇంటి మెట్ల మీద దాన్ని మళ్లీ చదివి వినిపిస్తారు.